నాలుగో బిళ్ళ

"బాబాయిగారూ, నిన్న మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎక్కడున్నారో ఇంకొక్కసారి చెప్పండి. ఇన్‌స్పెక్టరుకి చెప్పినట్టు వద్దు. ఇంటికెళ్ళి పిన్నిగారికి చెప్పినట్టు చెప్పండి" అంది మా వదిన.

తూకం బాబాయి చిన్నగా నవ్వాడు. యాభై ఏడేళ్ళ మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఈ కలప పరీక్షాశాలలో త్రాసు దగ్గరే ఉన్నాడు కనుక అందరూ అలా పిలుస్తారు. చొక్కా జేబులో మూడు పెన్సిళ్ళు, మూడూ ఒకే పొడుగు. నాకు చూడగానే నచ్చాడు. నేను పదిహేనేళ్ళు తూనికలు కొలతల శాఖలో త్రాసులు తనిఖీ చేసి, పై అధికారితో పడక మానేసి, ఇప్పుడు మా వదిన సంచి మోస్తున్నవాణ్ణి. తూకం వేసే చెయ్యి అబద్ధమాడదని నాకో పిచ్చి నమ్మకం. మా వదినకి అలాంటి నమ్మకాలేవీ లేవు. అందుకే ఆవిడ డిటెక్టివ్ అయింది, సంచి నా భుజం మీదికొచ్చింది, ఇంట్లో వంట మా అన్నయ్య చూసుకుంటున్నాడు.

"ఓవెన్ గదిలోనే ఉన్నానమ్మా. రెండింటికి బిళ్ళలు తీసి తూచాను, రాశాను, మళ్ళీ లోపల పెట్టాను. మూడింటికీ అంతే, నాలుగింటికీ అంతే."

"బిళ్ళలంటే?"

"కర్ర ముక్కలు. ఇంత మందం" అని రెండు వేళ్ళు చూపించాడు. "కర్రలో నీరెంతుందో తెలియాలంటే పచ్చిగా ఉన్నప్పుడు తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా మళ్ళీ మళ్ళీ తూస్తాం. ఆగిందంటే నీరంతా పోయినట్టు."

"ఎన్ని బిళ్ళలు తూచారు?"

"మూడు. రిజిస్టర్లో మూడే కదమ్మా ఉన్నాయి."

"ఓవెన్‌లో ఇంకేమైనా ఉందా?"

"ఇంకేముంటుంది? మూడు బిళ్ళలు, ఖాళీ అరలు."

"ఏ కర్రవి అవి?"

"పరీక్షలో విరిగిన ముక్కలవే. నిన్న పొద్దున్న ఎనిమిదింటికి పరీక్షలు చేసే మాస్టారే పెట్టారు. నేను ఎనిమిదిన్నరకి వచ్చాను."

"అంటే కోస్తుంటే మీరు చూడలేదు."

"చూడక్కర్లేదమ్మా. అది రోజూ జరిగేదే."

వదిన తల ఊపింది. ఆవిడ తల ఊపిందంటే మాట నమ్మిందని కాదు, దాచుకుందని.

"మూడింటికి కిటికీలోంచి చూశారు కదా. ఎవరు కనిపించారు?"

"వీళ్ళ తమ్ముడు" అని బాబాయి పక్కనున్న ఆవిడ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "హాల్లోకి వెళ్ళాడు. పది నిమిషాల్లో బయటికొచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయుంది."

ఆ పక్కనున్న ఆవిడే మమ్మల్ని పిలిపించింది. అయిదు గూడేల వాళ్ళు కలిసి కాపాడుకునే ఉమ్మడి అడవి ఒకటుంది. అందులో కొట్టిన ప్రతి దుంగ మీదా సంఘం గుర్తును ఇనుప సుత్తితో అచ్చు వేసేది ఈవిడే. అందుకని సుత్తమ్మ అంటారు. పేరుకి సుత్తమ్మే గానీ, మాటలో సుత్తి లేదు. పొద్దుట్నుంచీ పది మాటలు మాట్లాడిందేమో. అందులో ఆరు, "నా తమ్ముడు ఆ పని చెయ్యడమ్మా. వాణ్ణి పెంచింది నేను."

కథ పెద్దదేం కాదు. ఏటి మీద కొత్త చెక్కవంతెనకి ఈ సంఘం వాళ్ళే ఇనుపచేవ అనే కర్ర ఇచ్చారు. వంతెన కట్టిన నెలకే నడుము వంచింది. బస్సులూ లారీలూ ఎక్కకూడదని బోర్డు పెట్టారు. ఆ బోర్డు పుణ్యమాని మా బస్సు ఏరంతా చుట్టొచ్చి నలభై నిమిషాలు ఆలస్యం చేసింది. వంతెన కాంట్రాక్టరు, "తప్పు నాది కాదు, ఆ అడవి కర్రలోనే బలం లేదు" అన్నాడు. సంఘం వాళ్ళు పంతానికి పోయి, "పరీక్ష చేయించండి" అని ఒక దుంగ పంపారు. పోయిన వారం ఏడు ముక్కలు యంత్రంలో పెట్టి వంచితే ఏడూ సగం బరువుకే విరిగాయి. నిన్న మధ్యాహ్నం పన్నెండింటికి సంఘం కార్యదర్శి, అంటే సుత్తమ్మ తమ్ముడు, వచ్చి పరీక్షల మాస్టారితో గట్టిగా గొడవపడ్డాడు. నాలుగుంబావుకి ఊడ్చే ఆవిడ హాల్లోకి వెళ్తే మాస్టారు తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కనే రక్తం అంటిన ఏడో నంబరు ముక్క సగం. దాని మీద సంఘం వాళ్ళ ఆకుపచ్చ రంగు గుర్తు.

తమ్ముడు తాను పన్నెండున్నరకే వెళ్ళిపోయానంటాడు. దారిలో చూసినవాళ్ళెవరూ లేరు. హాల్లో మూడింటికి చూశానన్నది తూకం బాబాయి ఒక్కడే. ఇరవై రెండేళ్ళలో ఒక్క సెలవు దుర్వినియోగం చేయని మనిషి మాట. ఈ సాయంత్రం అయిదింటికి తమ్ముణ్ణి కోర్టులో పెడతారు. జైలు గడప ఒకసారి తొక్కితే, తప్పు లేదని తేలేసరికి మనిషి జుట్టు నెరుస్తుంది.

అప్పుడు టైము మూడయింది. సరిగ్గా మూడింటికి బూట్ల చప్పుడు వినిపించింది.

ఇన్‌స్పెక్టర్ని స్టేషన్లో గడియారం అంటారు, ఎదురుగా కాదు. నడుస్తూ వాచీ చూసుకుంటాడు, కూచుంటూ చూసుకుంటాడు. తెల్లకాగితం మీద నిమిషాలు రాసుకుంటే నేరం దానంతటదే తేలిపోతుందని ఆయన సిద్ధాంతం.

"మేడమ్, మీకు పదిహేను నిమిషాలు. ఇక్కడి డైరెక్టరుగారు బతిమాలితే తాళంచెవి తెచ్చాను. నా కేసు నిన్న ఆరింటికే ముగిసింది."

"ముగిసిన కేసుకి పదిహేను నిమిషాలు దేనికి సార్, దానమా?" అంది వదిన.

"మీ ముచ్చట తీరుద్దామని. పన్నెండింటికి గొడవ, మూడింటికి రాక, మూడూ పదికి పోక, నాలుగుంబావుకి శవం. ఇందులో ఎక్కడ దూరతారో దూరండి."

"మీరు పట్టిన కుందేలుకి ఎన్ని కాళ్ళు సార్?"

"మూడే" అన్నాడు గడియారం, ఆయనా తక్కువవాడు కాదు. "నాలుగోది చూపించండి, నమస్కారం పెడతాను."

విరగ్గొట్టే హాలు అంటారు దాన్ని. మధ్యలో మనిషెత్తు యంత్రం. రెండు దిమ్మెల మీద కర్రముక్కను అడ్డంగా పెడితే, పైనుంచి ఇనుప ముక్కు నెమ్మదిగా దిగుతుంది. నేల మీద పడిన మనిషి ఆకారం సుద్దముక్కతో గీసి ఉంది. సుత్తమ్మ గుమ్మం దాటలేదు. వదిన ఆ గీత చుట్టూ తిరిగి, గోడ పక్కనున్న అరలోంచి ఒక సగం ముక్క తీసింది.

"సార్, రక్తం ముక్క మీ దగ్గరుంది. ఇది దాని రెండో సగమే కదా?"

"అవును. ఏడో నంబరు. రెండూ అతికించి చూశాం, సరిపోయాయి."

"సుత్తమ్మా, ఇటు రా. ఇది మీ ఇనుపచేవేనా?"

సుత్తమ్మ ముక్కను అందుకుంది. రంగు చూడలేదు, గుర్తు చూడలేదు. అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకుంది. తర్వాత విరిగిన చోటు వేలితో తడిమింది.

"కాదమ్మా. మా కర్ర విరగడానికే ఏడిపిస్తుంది. విరిగితే జానెడు పీచు లేస్తుంది. ఇది బిస్కెట్టు తుంపినట్టు తెగింది. లోపల తెలుపు చూడు. పైన రంగు పూశారు."

"గుర్తు మీదే కదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆకుపచ్చ రంగు అంగట్లో దొరుకుతుంది బాబూ."

హాలు గుమ్మం బయటే వరండాలో వాళ్ళు పంపిన దుంగ పడి ఉంది. సుత్తమ్మ వేసిన సుత్తి అచ్చు చెక్కుచెదరకుండా ఉంది. రెండో చివర మాత్రం కొత్తగా రంపపు కోత. కింద ముదురు ఎరుపు పొట్టు, పక్కన గుప్పెడంత మిగులు ముక్క.

"ఈ కోత నాది కాదు. నేను పంపినప్పుడు ఈ చివర జానెడు ఎక్కువుంది" అంది సుత్తమ్మ.

వదిన నా వైపు చూసింది. "మరిదిగారూ, మంటలార్పడానికి పెట్టిన ఆ బకెట్లో నీళ్ళున్నాయా?"

ఉన్నాయి. ఏడో నంబరు సగం నీళ్ళలో వేస్తే బాతులా తేలింది. దుంగ పక్కన దొరికిన మిగులు ముక్కను వేసింది. అది బుడుంగున మునిగి అడుగున కూర్చుంది. బకెట్‌లోకి తొంగిచూసిన ఇన్‌స్పెక్టరు కాసేపు తల ఎత్తలేదు.

"మేము దుంగల్ని ఏట్లో వదలం బాబూ, బళ్ళ మీదే తోలతాం. పచ్చి ఇనుపచేవ తేలదు. మా దగ్గర పిల్లలకి కూడా తెలుసు" అంది సుత్తమ్మ. నేను లెక్కపెట్టాను, ఆ రోజుకి అదే ఆవిడ అతి పెద్ద ఉపన్యాసం.

"అంటే పరీక్షకి పెట్టింది వీళ్ళ కర్ర కాదు సార్. ఎవరో మార్చారు. ఏడు ముక్కలు విరిగింది ఇనుపచేవ కాదు, ఏదో లేత తెల్లకర్ర" అంది వదిన.

గడియారం తేరుకున్నాడు. తేరుకోవడంలో ఆయన దిట్ట. "సరే, మార్చారు. దానివల్ల ఏమైంది? కుర్రాడికి ఇంకా కోపం రావాలి. మోసం జరిగిందని తెలిసి మూడింటికి తిరిగొచ్చాడు, కొట్టాడు. మీరు నా కేసుకి కారణం కూడా తెచ్చిపెట్టారు. థాంక్స్."

నిజం చెప్పొద్దూ, మేము తవ్విన గోతిలో మేమే పడ్డట్టయింది. సుత్తమ్మ ముఖం చూడలేకపోయాను. వదిన మాత్రం చీర కొంగుతో తడి చేతులు తుడుచుకుంది, తీరిగ్గా.

"నిమిషాలెన్ని మిగిలాయి సార్?"

"ఏడు."

"ఓవెన్ గది తెరవండి."

ఓవెన్ గది తలుపు మీద లక్కముద్ర ఉంది. పక్కన ఇన్‌స్పెక్టరు సంతకం, టైము: సాయంత్రం అయిదు గంటల అయిదు నిమిషాలు. వదిన ఆ సంతకాన్ని ప్రేమగా చూసింది.

"మీరు సీలు వేసినప్పుడు ఓవెన్ కట్టేశారా సార్?"

"ఎందుకు కడతాను? ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. ఏ వస్తువూ ముట్టుకోలేదు."

"నిన్న సాయంత్రం నుంచి ఈ తలుపు ఎవరూ తియ్యలేదు, ఓవెన్ ఆగలేదు. అంతేనా?"

"అంతే. కావాలంటే రాసిస్తాను."

"రాయక్కర్లేదు, సంతకం తలుపు మీదే ఉంది."

తలుపు తెరవగానే వేడి ముఖానికి కొట్టింది. వచ్చేది కాల్చిన వాసన కాదు, ఎండకి మగ్గిన సామాన్ల గది వాసన. బల్ల మీద త్రాసు, పక్కన రిజిస్టరు. తూకం బాబాయి కూడా మా వెనకే వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

వదిన రిజిస్టరు తెరిచి నాకు చూపించింది. ఒకటో బిళ్ళ. ఎనిమిదింటికి అరవై గ్రాములు. పదింటికి యాభై నాలుగున్నర. పన్నెండింటికి యాభై. ఇవి మాస్టారి దస్తూరి, ముత్యాల్లా. తర్వాతవి బాబాయివి. రెండింటికి నలభై అయిదు, మూడింటికి నలభై ఒకటిన్నర, నాలుగింటికి ముప్ఫై తొమ్మిది. చూడ్డానికి మెట్లు దిగినంత పద్ధతిగా ఉన్నాయి.

"మరిదిగారూ, మీ ఇన్నేళ్ళ ఉద్యోగానికి ఇవాళ పని దొరికింది."

సంచిలోంచి నా ఇత్తడి తూనికరాళ్ళ పెట్టె తీశాను. ముందు త్రాసుని పరీక్షించాను. ఇరవై పెడితే ఇరవై, యాభై పెడితే యాభై. త్రాసు బంగారం. వదిన ఓవెన్ తలుపు తీసి లోపలికి ఒక చూపు చూసింది. ఆ చూపు మామూలు కంటే ఒక్క క్షణం ఎక్కువ సాగింది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

"పై అరలో మూడున్నాయి. అవి తియ్యండి."

పటకారుతో మూడు బిళ్ళలూ తీసి, మూతున్న గాజు జాడీలో పెట్టాను.

"తూచెయ్యొచ్చుగా" అన్నాడు గడియారం.

"వేడిగా ఉంటే త్రాసు తక్కువ చూపిస్తుంది సార్, గాలి పైకి లేస్తుంది. చల్లారాలి. బయట పెడితే గాలిలో తేమ పీల్చుకుని ఎక్కువ చూపిస్తుంది. అందుకే జాడీ."

"నా నిమిషాలు?"

"మీ వాచీ కాసేపు మా ఖాతాలో నడవనివ్వండి" అంది వదిన.

బిళ్ళలు చల్లారేదాకా ఆగాం. బాబాయి జేబులోంచి ఒక పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఒకటో బిళ్ళను త్రాసు మీద పెట్టాను. అంకె చూశాను. తీసి, మళ్ళీ పెట్టాను. నా కళ్ళను నేనే నమ్మలేదు.

"నలభై రెండు" అన్నాను.

"ఎంత?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నలభై రెండు గ్రాములు. చుక్క తక్కువ లేదు."

ఆయన రిజిస్టరు లాక్కున్నాడు. వేలు పెట్టి చూశాడు. పెదాలు కదిలాయి. నిమిషాలు లెక్కపెట్టే బుర్రకి గ్రాములు లెక్కపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"నిన్న నాలుగింటికి ముప్ఫై తొమ్మిది. ఆ తర్వాత ఇరవై మూడు గంటలు ఓవెన్‌లోనే ఉంది. ఇంకా తగ్గాలి, లేదా అక్కడే ఆగాలి. పెరిగిందేంటి?"

"పెరగలేదు సార్. ఓవెన్‌లో కర్ర పెరగదు. నీళ్ళన్నీ పోయాక మిగిలేది ఒట్టి కర్ర, అదెక్కడికి పోతుంది? నలభై రెండు కంటే కిందికి ఆ బిళ్ళ ఏనాడూ దిగలేదు. దిగలేదు కనుక నిన్న ముప్ఫై తొమ్మిది అని ఎవరూ తూచలేదు."

రెండో బిళ్ళా అదే పాట. మూడోదీ అదే పాట. మూడూ రిజిస్టరు కంటే బరువే.

"బాబాయిగారూ" అంది వదిన. గొంతులో దెప్పిపొడుపు లేదు. "మీరు ఊరికే నోటికొచ్చిన అంకెలు రాసే మనిషి కాదు. అబద్ధమైనా లెక్క ప్రకారమే రాశారు. పచ్చిగా అరవై ఉన్న తెల్లకర్ర ఎండితే ముప్ఫై ఏడూ ముప్ఫై ఎనిమిది దగ్గర ఆగుతుందని ఇరవై రెండేళ్ళ అనుభవం చెప్పింది. అటువైపు దింపుకుంటూ వచ్చారు. కానీ మాస్టారు ఓవెన్‌లో పెట్టింది మీరు మార్చిన తెల్లకర్రను కాదు. పొద్దున్నే వరండాలోని అసలు దుంగని కోసి పెట్టారు. ఇనుపచేవలో కర్ర ఎక్కువ, నీరు తక్కువ. అది నలభై రెండు దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ నిలబడి తూచి ఉంటే మీకు తెలిసేది. మీరు ఇక్కడ లేరు. ఇక్కడ లేనివారు ఆ కిటికీలోంచి ఎవర్నీ చూడలేదు."

ఆయన గోడకి ఆనుకునే కిందికి జారి కూర్చున్నాడు. నాకు గెలిచిన సంతోషం కలగలేదు. నా పిచ్చి నమ్మకం కూడా ఆయనతో పాటే జారి కూలబడింది.

"వంతెన కట్టింది మా అల్లుడమ్మా" అన్నాడు. "ఇనుపచేవ పట్నంలో అమ్ముకున్నాడు. బదులు తెల్లకర్రకి రంగేసి వేశాడు. వంతెన వంగాక మా అమ్మాయి వచ్చి నా కాళ్ళ దగ్గర కూచుంది. అప్పుడు ముక్కలు మార్చాను. కర్రదే తప్పని కాగితం వస్తే అల్లుడు బయటపడతాడని."

"మాస్టారు?"

"భోజనమయ్యాక హాల్లోకి పిలిచారు. ఏడో ముక్క చేతికిచ్చి, 'దీన్ని ఎగరేసి చూడవోయ్, నీ చేతికి తెలియదా' అన్నారు. ఇరవై రెండేళ్ళు కలిసి తిన్నాం. అరవలేదు, తిట్టలేదు. డైరెక్టరు దగ్గరికి వెళ్తున్నానని వెనక్కి తిరిగారు. ఒక్కటే దెబ్బ. ఆ తర్వాత కలప దొంతర వెనక కూలబడిపోయాను. నాలుగింటికి ఇక్కడికొచ్చి మూడు గళ్ళూ ఒకేసారి నింపాను. ఓవెన్ తెరుద్దామంటే పటకారు చేతిలో నిలవలేదు."

సుత్తమ్మ ఆయన ముందుకొచ్చి నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు.

"నా తమ్ముడి పేరే ఎందుకు చెప్పావు?"

"మధ్యాహ్నం గొడవపడ్డది అతనొక్కడే కదమ్మా" అన్నాడాయన, తల దించుకుని.

"నీ కూతురి కాపురానికి నా తమ్ముణ్ణి తగలేశావు" అందావిడ. అంతే. గొంతు కూడా పెంచలేదు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోవడానికి తూనికరాళ్ళు పెట్టెలో సర్దుకున్నాను.

ఇన్‌స్పెక్టరు తన తెల్లకాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కాడు. వదినకి నమస్కారం పెట్టాడు. మాట నిలబెట్టుకున్నాడు, ఆ మాత్రం మర్యాద ఉంది. "కుందేలుకి నాలుగో కాలు చూపించారు మేడమ్."

"ఇంకా లేదు సార్. నాలుగోది ఓవెన్‌లో ఉంది."

మేము ముగ్గురమూ ఆవిడ వైపు చూశాం.

"బాబాయిగారు ఇందాక ఏమన్నారు? మూడు బిళ్ళలు, ఖాళీ అరలు. ఆయన తలుపే తియ్యలేదు, ఎలా తెలుస్తుంది? మరిదిగారూ, అట్టడుగు అర, వెనక మూల."

వంగి చూశాను. ఉంది. నాలుగో బిళ్ళ. అదే వెడల్పు, అదే మందం. పటకారుతో పట్టుకుంటే ఖాళీ అగ్గిపెట్టెను ఎత్తినట్టుంది. చల్లార్చి తూచాను. ఇరవై మూడు గ్రాములు. వదిన గోటితో నొక్కితే గోరు దిగింది. అంచున సూదిబెజ్జాలు, వాటిలోంచి పిండిలా పొడి రాలింది. ఒకవైపు పెన్సిలుతో మాస్టారి ముత్యాల దస్తూరి.

వదిన పైకి చదివింది. "వంతెన. నడిమి దూలం. బళ్ళన్నీ ఆపించాలి."

"రిజిస్టర్లో ఎక్కించలేదేం?" అన్నాను.

"ఎక్కిస్తే బాబాయిగారు చూస్తారని. మాస్టారికి అప్పటికే అనుమానం. ముందు రోజు వంతెన కిందికి దిగి కోసుకొచ్చి ఉంటారు" అంది వదిన, ఆ బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పుతూ. "ఇనుపచేవ బరువులో సగానికి కాస్త పైన, అంతే. పైగా పురుగు. ఇది బస్సుని కాదు, జీపుని కూడా మొయ్యదు. సార్, ముందు సుత్తమ్మ తమ్ముణ్ణి విడిపించే కాగితం రాయండి, తర్వాత ఆ వంతెన మూయించండి."

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. వచ్చినప్పట్నుంచీ ఆయన వాచీ చూడ్డం ఇరవైసార్లు చూశాను, కానీ ఇలా చూడ్డం ఇదే మొదలు. ముఖం పాలిపోయింది.

"స్టేషన్లో లేడు" అన్నాడు.

"ఎవరు?"

"కుర్రాడు. మీరు కోర్టు దగ్గర ఏదో అడ్డం పెడతారని, మూడుంబావుకే వ్యాన్ ఎక్కించమని చెప్పొచ్చాను. చుట్టుదారిలో ఆలస్యమవుతుందని..." ఆయన ఫోను కోసం జేబు తడుముకున్నాడు. "వంతెన మీదుగా పొమ్మన్నాను. పోలీసు బండికి బోర్డులేమిటన్నాను."

మూడూ నలభై అయింది. స్టేషన్ నుంచి వంతెనకి పాతిక నిమిషాలు.

ఆయన ఫోను తీసి డ్రైవరుకి కలిపాడు. రెండుసార్లు కలవలేదు. మూడోసారి కలిసింది. వదిన ఆ ఫోను లాక్కుని అందరికీ వినబడేలా పెట్టింది.

"ఎక్కడున్నారు?" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"వంతెన మీదే సార్, నట్టనడుమ. ఎదురుగా గొర్రెల మంద ఎక్కింది, ఆపేశాను. తోలిస్తున్నారు, రెండు నిమిషాల్లో..."

"బండి కదపకు" అంది వదిన. ఆ గొంతు వింటే మా అన్నయ్య కూడా ఆగిపోతాడు. "ఇంజను కట్టెయ్. తలుపులు నెమ్మదిగా తియ్యండి. ఒక్కొక్కరే దిగి వెనక్కి నడవండి. ముందుకి కాదు, వెనక్కి. ఎంతమందున్నారు?"

"నలుగురం. ఎవరు మీరు?"

"ఆవిడ చెప్పినట్టు చెయ్యి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఇంజను చప్పుడు ఆగింది. గొర్రెల అరుపులు, గిట్టల చప్పుడు. వాటి మధ్య ఇంకేదో, సన్నగా, సాగదీసినట్టు. మొదట గొర్రె అనుకున్నాను.

"అక్కా." ఫోనులో కొత్త గొంతు. తమ్ముడిది. డ్రైవరు ఫోను వ్యాన్‌లోనే వదిలేసి దిగినట్టున్నాడు. "అక్కా, అక్కడున్నావా? కింద దూలం మూలుగుతోంది. మన కర్ర ఇలా మూలగదే. ఇది మన కర్ర కాదు."

సుత్తమ్మ రెండు చేతులతో ఫోను పట్టుకుంది. పొద్దుట్నుంచీ ఆవిడ గొంతు ఇంత నిలకడగా ఎప్పుడూ లేదు.

"తెలుసు నాన్నా. నీ తప్పు లేదని తేలిపోయింది. ఇప్పుడు నేను చెప్పేది విను. నడిమి దూలం మీద అడుగెయ్యకు. అంచు దూలం పట్టుకో. చేతులకి బేడీలున్నాయా?"

"ఉన్నాయి. వ్యాన్‌లో కమ్మీకి వేశారు."

"తాళంచెవి?"

"ముందు దిగినాయన దగ్గరుంది. పిలుస్తున్నారు. వస్తున్నాడు."

ఇన్‌స్పెక్టరు అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు. వదిన ఆయన వెనకే. నేను సంచి వదిలేసి సుత్తమ్మ పక్కన నిలబడ్డాను, ఎందుకో ఆవిణ్ణి ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. ఫోనులో చెక్కల మీద బూట్ల అడుగులు దగ్గరికి రావడం ఇద్దరమూ విన్నాం. ఒకటి, రెండు, మూడు. తాళంచెవులు గలగలమన్నాయి.

ఆ వెంటనే ఎండుకొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు వినిపించింది.